దూరంగా ఉంటే వీరుడు, పక్క కుర్చీలో ఉంటే చాడీకోరు

ఆయన పక్కన కూర్చోవడం మానేసినవాళ్లలో నేను మొదటివాణ్ణి కాదు. మూడోవాణ్ణో నాలుగోవాణ్ణో అయ్యుంటాను. ఈ లెక్క చెప్పుకునే చాలా ఏళ్లు మనసుకు సర్దిచెప్పుకున్నాను.

అప్పట్లో నేను పరికరాలకు భద్రతా పరీక్షలు చేసి సర్టిఫికెట్లు ఇచ్చే ఒక సంస్థలో పనిచేసేవాణ్ణి. ఒక్కో పరీక్షకు మూడు గంటలు పట్టేది. అంటే ఒక మనిషి రోజుకు చేయగలిగేవి రెండు, మహా అయితే మూడు. రిజిస్టరులో మాత్రం ఒక్కొక్కరి పేరు మీద ఎనిమిది, తొమ్మిది కనిపించేవి. ఈ సంగతి అందరికీ తెలుసు. ఆ సంతకాల్లో కొన్ని మావే కాబట్టి ఎవరమూ నోరెత్తేవాళ్లం కాదు. నాకంటే పదేళ్లు సీనియర్ ఒకాయన మాత్రం తేదీలతో సహా ఆ లెక్కంతా రాసి పై ఆఫీసుకు పంపాడు. "ఫిర్యాదు చేసినవారి పేరు రహస్యంగా ఉంచబడును" అని మా గోడ మీదే నోటీసు ఉండేది. అందులో ఇచ్చిన ఈమెయిల్‌కే పంపాడు. మూడో రోజుకల్లా ఆయన పేరు ప్యూనుకి కూడా తెలిసిపోయింది.

ఆ తర్వాత పెద్దగా చెప్పుకోదగ్గ ఘోరమేమీ జరగలేదు. ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. మీటింగులకు పిలవడం మర్చిపోయారంతే. పరీక్షల పని తప్పించి పాత ఫైళ్లు సర్దే పని అప్పగించారు. ఆ ఏడు అప్రైజల్‌లో "టీమ్‌తో కలిసి పనిచేయరు" అని రాశారు. మా వంతు మేమూ చేశాం. క్యాంటీన్‌లో ఆయన బల్ల వైపు వెళ్లడం మానేశాం. ఏడాదిన్నర చూసి ఆయనే రాజీనామా ఇచ్చి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లిన కొన్ని నెలలకు మాకు 'వృత్తి విలువలు' అని ఒకరోజు శిక్షణ పెట్టారు. సాయంత్రం ఒక ప్రశ్నపత్రం చేతికిచ్చారు. అందులో ఒక ప్రశ్న: సంస్థలో జరిగే తప్పును బయటపెట్టేవారికి చట్టపరమైన రక్షణ ఉండాలా? నేను "పూర్తిగా అంగీకరిస్తాను" అన్న గడిలో టిక్కు పెట్టాను. పక్కవాడి కాగితంలోకి తొంగి చూస్తే వాడూ అదే పెట్టాడు. అది అబద్ధపు టిక్కు కాదు. ఆ క్షణాన నేను నిజంగా అలాగే అనుకున్నాను. విజిల్ బ్లోయర్ల మీద, అంటే ఇలా లోపలి తప్పును బయటపెట్టేవాళ్ల మీద, ప్రజాభిప్రాయం అంటూ ఎవరు ఏ శాతం చెప్పినా నాకు మాత్రం ఆ టిక్కే గుర్తొస్తుంది.

ఎడ్వర్డ్ స్నోడెన్ సంగతే చూడండి. అమెరికా నిఘా సంస్థ జనం ఫోన్ల వివరాలు కుప్పలుగా పోగుచేస్తోందని 2013 జూన్‌లో ఆయన బయటపెట్టాడు. కొద్దిరోజుల్లోనే సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ వాళ్లు అమెరికన్ల అభిప్రాయం అడిగారు. ఈ సమాచారం బయటికి రావడం ప్రజలకు మేలేనని 49 శాతం మంది అన్నారు, కీడని 44 శాతం అన్నారు. అదే సర్వేలో, బయటపెట్టినవాడి మీద క్రిమినల్ కేసు పెట్టాలా అని అడిగితే 54 శాతం పెట్టాల్సిందే అన్నారు. 49కి 54 కలిపితే వంద దాటుతుంది. అంటే "నువ్వు చేసింది మాకు మేలే, అయినా నిన్ను బోనెక్కించాలి" అన్నవాళ్లు ఎంతో కొంతమంది ఉండే తీరాలి. వాళ్లను తెలివితక్కువవాళ్లని నేను అనను. మా క్యాంటీన్‌లో మేమంతా అదే బాపతు.

ఇంకో అంకె కూడా ఉంది. 2017లో యూరోపియన్ యూనియన్ దేశాల్లో అవినీతి మీద చేసిన యూరోబారోమీటర్ సర్వేలో, అవినీతిని స్వయంగా ఎదుర్కొన్నవాళ్లలో, కళ్లారా చూసినవాళ్లలో 81 శాతం మంది ఎవరికీ ఫిర్యాదు చేయలేదని తేలింది. 'రక్షణ ఉండాలా' అన్నది అభిప్రాయం అడిగే ప్రశ్న. 'నువ్వు చెప్పావా' అన్నది చేసిన పని అడిగే ప్రశ్న. మొదటిదానికి చెయ్యెత్తడానికి ఖర్చేమీ లేదు.

మన భాషలోనే ఈ మెలిక ఉంది. విజిల్ బ్లోయర్‌కి మన పత్రికలు 'ప్రజావేగు' అనే మాట తెచ్చాయి. ముందు 'ప్రజా' అని ఎంత గౌరవంగా తగిలించినా వెనక మిగిలేది వేగే. వేగు అంటే గూఢచారి, శత్రువు కొలువులో దూరి కబుర్లు మోసేవాడు. మంచి మాట కోసం వెతికినవాళ్లకు కూడా చేతికి దొరికింది అదే. ఇక సామెతల సంగతి చెప్పనే అక్కర్లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు అంటాం. ఇంటిగుట్టు లంకకు చేటు అంటాం. ఆ సామెత వెనక ఉన్న విభీషణుడు అన్నకు ఎదురుగా నిలబడి ముందే చెప్పాడు, వినకపోతేనే బయటికి నడిచాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే, అంతర్గత ఫిర్యాదు వ్యవస్థను పూర్తిగా వాడుకున్నాకే బయటి సంస్థను ఆశ్రయించాడు. ఏ చట్టం ప్రకారం చూసినా ఆయన కేసు గట్టిదే. అయినా సామెతలో లంక చేటుకి కారణం సీతను ఎత్తుకొచ్చిన రావణుడు కాదు, గుట్టు చెప్పిన తమ్ముడు!

వీటికి సరిగ్గా ఎదురుగా నిలబడే సామెత కూడా మన దగ్గరే ఉంది: ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. లోపల జరిగేది లోపలివాడికే తెలుస్తుంది, ఆడిటర్‌కీ ఇన్‌స్పెక్టర్‌కీ తెలియదు. విజిల్ బ్లోయర్‌కి రక్షణ ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క సామెత చెప్పి ఊరుకుంటాను. మా రిజిస్టరు బయటివాడు చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, ఖాళీ లేని గడులు. పరీక్షకు మూడు గంటలు పడుతుందని తెలిసినవాడికే అందులో దొంగ కనిపిస్తాడు.

చచ్చినవాడి కళ్లు చారెడు అన్న సామెతా ఇక్కడ పనికొస్తుంది. వూహాన్ కంటి డాక్టర్ లీ వెన్‌లియాంగ్ 2019 డిసెంబర్ 30న కొత్త అంటుజబ్బు కనబడుతోంది, జాగ్రత్తగా ఉండమంటూ తోటి డాక్టర్లకు ఒక మెసేజ్ పెట్టాడు. 2020 జనవరి 3న పోలీసులు పిలిచి, వదంతులు పుట్టిస్తున్నావని మందలించి కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఫిబ్రవరి 7న ఆయన అదే జబ్బుతో, కోవిడ్‌తో, పోయాడు. జనం ఆన్‌లైన్‌లో గొల్లుమన్నారు. మార్చిలో ఆ మందలింపును రద్దు చేశారు. ఆయన అసలు సిసలు విజిల్ బ్లోయరేనా, స్నేహితుల్ని హెచ్చరించాడు అంతేనా అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన నాకు ముఖ్యం కాదు. ప్రజాభిప్రాయం వచ్చిన తేదీ ముఖ్యం. సంతకం చేయించుకున్న రోజుకీ జనం ఏడ్చిన రోజుకీ మధ్య ముప్ఫై అయిదు రోజులు.

చట్టం ఎందుకు కావాలో నాకు ఇక్కడే అర్థమవుతుంది. జనం మెచ్చుకోలు ఆలస్యంగా వస్తుంది. అప్పటిదాకా మనిషిని నిలబెట్టేది ఏదో ఒకటి ఉండాలి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న రోజుల్లో, వారెన్ అనే ఓడలోని పదిమంది నావికాదళం వాళ్లు తమ అధిపతి ఎసెక్ హాప్కిన్స్ మీద కాంగ్రెస్‌కు ఫిర్యాదు చేశారు. పట్టుబడిన బ్రిటిష్ ఖైదీలను అమానుషంగా చూస్తున్నాడన్నది ఆరోపణల్లో ఒకటి. హాప్కిన్స్ పదవి పోయింది. ఊరుకున్నాడా? వాళ్ల మీద పరువు నష్టం కేసు వేశాడు. శామ్యూల్ షా, రిచర్డ్ మార్వెన్ అనే ఇద్దరు జైలుకు వెళ్లారు. 1778 జూలై 30న కాంగ్రెస్ ఒక తీర్మానం చేసింది. తప్పు కనబడితే వెంటనే తెలియజేయడం ప్రభుత్వ కొలువులో ఉన్న ప్రతి ఒక్కరి విధి అన్నది దాని సారం. తీర్మానంతో సరిపెట్టకుండా ఆ ఇద్దరి కోర్టు ఖర్చులు కూడా కట్టింది. నాకు నచ్చేది ఆ కట్టడమే. పొగడ్త కాగితం ఎవరైనా ఇస్తారు, వకీలు ఫీజు ఎవరిస్తారు?

బ్రిటన్‌లో చట్టం రావడానికి చావులు కావలసి వచ్చాయి. 1987 మార్చిలో హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ఓడ, కార్లు ఎక్కడానికి ముందుభాగంలో ఉండే తలుపులు తెరిచి ఉండగానే బెల్జియంలోని జేబ్రుగె రేవు నుంచి బయల్దేరింది. నిమిషాల్లో నీళ్లు దూరి ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. తలుపులు మూశారో లేదో తెలిసేలా పైన కెప్టెన్ గదిలో ఒక దీపం పెట్టించండి అని ఆ కంపెనీ కెప్టెన్లు అంతకుముందే అడిగారు. తలుపు మూయాల్సిన మనిషి మెలకువగా ఉన్నాడో లేడో చెప్పడానికి కూడా దీపం కావాలా అన్న ధోరణిలో మేనేజర్లు ఎగతాళిగా రాసిన కాగితాలు తర్వాత విచారణలో బయటపడ్డాయి. మరుసటి ఏడాది క్లాపమ్ రైలు ప్రమాదం, పైపర్ ఆల్ఫా చమురు వేదిక పేలుడు. ముందే తెలిసిన లోపాలు, నోరు విప్పనివాళ్లు, విప్పినా విననివాళ్లు. 1998లో ప్రజాప్రయోజన వెల్లడి చట్టం వచ్చింది. ఒక దీపం ఖరీదెంతో ఎవరైనా లెక్క వేశారో లేదో.

చట్టాలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. కానీ చట్టం ఉందా అన్న ప్రశ్న నాకు పెద్దగా పట్టదు. పేరు బయటికి పొక్కితే ఏమవుతుంది? నా మీద కక్షగట్టారని నిరూపించాల్సింది ఎవరు? చట్టం పస ఈ రెండిట్లోనే తెలిసిపోతుంది.

పేరు సంగతి ముందు. జపాన్‌లో ఒలింపస్ కంపెనీ ఉద్యోగి హమాదా మసహారు, తన పై అధికారి తమతో వ్యాపారం చేసే సంస్థ ఉద్యోగుల్ని లాక్కునే ప్రయత్నం చేస్తున్నాడని 2007లో కంపెనీ సొంత ఫిర్యాదు విభాగానికి చెప్పాడు. ఆ విభాగం ఆయన పేరు మోసుకెళ్లి ఆ అధికారికే ఇచ్చింది. తర్వాత బదిలీ, తనకు ఏమాత్రం తెలియని పని. ఆయన కోర్టుకెక్కాడు, చివరికి 2012లో సుప్రీంకోర్టులో గెలిచాడు. అయిదేళ్లు! మా గోడ మీది నోటీసు గుర్తొచ్చి, ఈ కేసు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

బార్‌క్లేస్ బ్యాంకు కథ ఇంకా విడ్డూరం. 2016లో ఒక నియామకాన్ని ప్రశ్నిస్తూ పేరు లేని ఉత్తరాలు వచ్చాయి. రాసిందెవరో కనిపెట్టమని సాక్షాత్తూ బ్యాంకు అధిపతి జెస్ స్టేలీయే భద్రతా సిబ్బందిని పురమాయించాడు. 2018లో నియంత్రణ సంస్థలు ఆయనకు 6,42,430 పౌండ్ల జరిమానా వేశాయి. కుర్చీ మాత్రం అప్పటికి కదల్లేదు. ఉత్తరం రాసినవాడు దొరికి ఉంటే వాడి కుర్చీ ఉండేదా?

ఇక నిరూపణ. మా సీనియర్ కోర్టుకు వెళ్లాడనుకుందాం. "మీటింగుకు పిలవలేదు" అనేదాన్ని ఏ సాక్ష్యంతో నిలబెడతాడు? సాక్ష్యం చెప్పాల్సింది మేమే కదా, ఆయన బల్ల దగ్గరికి కూడా వెళ్లనివాళ్లం. అందుకే విజిల్ బ్లోయర్ల రక్షణ కోసం యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన ఆదేశంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది నిరూపణ భారాన్ని తిరగేయడం. ఫిర్యాదు చేశాను, ఆ తర్వాత నాకు నష్టం జరిగింది అని ఉద్యోగి చూపిస్తే చాలు. ఆ నష్టానికీ ఫిర్యాదుకీ సంబంధం లేదని యాజమాన్యం నిరూపించుకోవాలి. అమెరికా సుప్రీంకోర్టు కూడా 2024లో మర్రీ వర్సెస్ యూబీఎస్ కేసులో దాదాపు ఇదే దారి పట్టింది. కంపెనీల మోసాలు బయటపెట్టేవాళ్ల కోసం 2002లో చేసిన చట్టం కింద, యజమాని మనసులో కక్ష ఉందని ఉద్యోగి రుజువు చేయనక్కర్లేదని తొమ్మిదిమంది జడ్జీలూ ఒకే మాట చెప్పారు. మనసులో ఏముందో ఎవడు చూడొచ్చాడు?

అబద్ధపు ఫిర్యాదుల మాటేమిటి అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పగతో రాసే ఆకాశరామన్న ఉత్తరాలు నేనూ చూశాను. తెలిసి తెలిసి అబద్ధం రాసినవాడికి శిక్ష ఉండాల్సిందే. కానీ ఈ భయాన్నే చట్టం నిండా పరిస్తే ఏమవుతుందో భారతదేశపు చట్టం చూస్తే తెలుస్తుంది. జాతీయ రహదారుల పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి లేఖ రాసి, తన పేరు గోప్యంగా ఉంచమని వేడుకున్న ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003 నవంబర్‌లో గయలో హత్యకు గురయ్యాడు. పదేళ్లు దాటాక, 2014లో పార్లమెంటు చట్టం చేసింది. అందులో పేరు లేని ఫిర్యాదు చెల్లదు. తెలిసి చేసిన తప్పుడు ఫిర్యాదుకు రెండేళ్ల దాకా జైలు, ముప్ఫై వేల దాకా జరిమానా. పేరు బయటపెట్టిన అధికారికి కూడా మూడేళ్ల దాకా శిక్ష రాశారు లెండి, అది బాగుంది. అయితే రాష్ట్రపతి సంతకం పడినా ఆ చట్టాన్ని అమల్లోకి తేనే లేదు. రాసిన మంచీ, రాసిన చెడూ రెండూ కాగితం మీదే పడుకున్నాయి. ఆ చట్టం కావాలా అని సర్వే పెడితే ఎంతమంది కావాలంటారో నేను ఊహించగలను. అమలు చేయలేదని అలిగి ఓటు మార్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించమంటే కష్టం.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి జనం అభిప్రాయం మరీ గట్టిపడుతుంది. ఫిర్యాదు చేసినవాడికి బహుమానం ఇస్తారనగానే మొహం చిట్లిస్తారు. బ్రాడ్లీ బర్కెన్‌ఫెల్డ్ కేసు దీనికి పరాకాష్ఠ. ధనవంతులైన అమెరికన్లు పన్ను ఎగ్గొట్టడానికి యూబీఎస్ బ్యాంకు ఎలా సాయపడుతోందో బయటపెట్టాడు. ఆ పనిలో తనకూ భాగముంది కాబట్టి, తన పెద్ద క్లయింటు సంగతి దాచాడు కాబట్టి 2009లో 40 నెలల శిక్ష పడింది. బయటికొచ్చాక 2012లో అమెరికా పన్నుల శాఖ ఆయనకు 10.4 కోట్ల డాలర్ల బహుమానం ఇచ్చింది. దొంగకు తాంబూలమా అని ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు. ఆయన సాధువని నేనూ అనను. కానీ ముఠాలో ఉన్నవాడికి తప్ప ముఠా లెక్కలు ఇంకెవరికి తెలుస్తాయి? పైగా ఇలా నోరు విప్పినవాడికి ఆ రంగంలో మళ్లీ ఉద్యోగం ఇచ్చేదెవరు? బహుమానం అంటే మనకు లాటరీలా వినిపిస్తుంది గాని, చాలామందికి అది మిగిలిన జీవితకాలపు జీతం. బ్రిటన్ 2013లో తన చట్టంలోంచి 'సదుద్దేశం' షరతును తీసేసింది. బాస్ మీద కసితో చెప్పినా, చెప్పింది నిజమనుకోవడానికి ఆధారం ఉండి, జనానికి పనికొచ్చేదైతే రక్షణ ఉంటుందని. మంటలు చూసి కేక వేసినవాడికి ఆ ఇంటివాళ్లంటే ఇష్టమా కాదా అని ముందు విచారిస్తామా?

దేశరక్షణ రహస్యాల దగ్గర నాకూ ఇంత ధీమా లేదు. ఏది జనానికి తెలియాలి, ఏది తెలిస్తే మనుషుల ప్రాణాలు పోతాయి అన్నది ఒక్క ఉద్యోగి తీర్పుకు వదిలేయమని అనలేను. యూరప్ మానవ హక్కుల కోర్టు 2023లో హాలే కేసులో చేసినట్టు, బయటపడినదాని వల్ల కలిగిన మేలునూ కీడునూ త్రాసులో పెట్టి చూడాల్సిందే. పన్ను కాగితాలు విలేకరికి ఇచ్చినందుకు లగ్జెంబర్గ్‌లో వెయ్యి యూరోల జరిమానా పడ్డ ఉద్యోగి పక్షాన ఆ కోర్టు నిలబడింది. అక్కడికి చేరడానికి ఆయనకు ఎన్నేళ్లు పట్టిందో చూస్తే మాత్రం ఆ త్రాసు అందరికీ అందేది కాదు.

సరే, ఇవన్నీ ఉన్నా మా క్యాంటీన్ బల్ల మాటేమిటి? 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలి ఏడుగురు చనిపోవడానికి ముందు, చలికి రబ్బరు రింగులు పనిచేయవని ఇంజనీరు రోజర్ బోయిజోలీ హెచ్చరించాడు. తర్వాత విచారణ కమిషన్ ముందు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని ప్రపంచమంతా చూసింది. అయినా సొంత కంపెనీలో తోటివాళ్లు ముఖం చాటేశారు, చివరికి ఉద్యోగం వదిలేశాడు. ఇలా ముఖం చాటేయడాన్ని నేరమనే చట్టం లేదు, రాయడమూ కుదరదు.

కానీ చట్టం దాన్ని చుట్టుతిప్పి మార్చగలదని నా నమ్మకం. దీనికి నా దగ్గరున్న ఆధారం విమానయానం. అమెరికాలో 1976 నుంచి పైలట్లు, కంట్రోలర్లు భద్రతలో కనబడిన లోపాలను, తాము చేసిన పొరపాట్లను కూడా, నాసా నడిపే ఒక వ్యవస్థకు రాసి పంపుతారు. నాసాకు వాళ్లను శిక్షించే అధికారం లేదు, పేర్లు తీసేసి విషయం మాత్రమే ఉంచుకుంటుంది. కావాలని చేయని తప్పు అయి, పది రోజుల్లో రిపోర్టు పంపితే శిక్ష నుంచి మినహాయింపు కూడా దొరుకుతుంది. నేరాలకూ ప్రమాదాలకూ ఇది వర్తించదు. లక్షల రిపోర్టులు వచ్చాయి. అక్కడ రిపోర్టు రాసినవాడు వీరుడూ కాదు, వేగూ కాదు, ఫారం నింపినవాడు. యూరప్ ఆదేశం కూడా ఇటే అడుగు వేసింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో ఫిర్యాదుకు ఒక మార్గం ఉండాలి, ఏడు రోజుల్లో అందిందని చెప్పాలి, మూడు నెలల్లో ఏం చేశారో చెప్పాలి. చదవడానికి పరమ బోరుగా ఉంటుంది. ఆ బోరే కావాలి. సెలవు చీటీ రాసినంత మామూలుగా ఫిర్యాదు రాసే చోట, రాసినవాడి బల్ల ఖాళీ చేయాలని ఎవరికీ తట్టదు.

పోయినేడు ఆయన నంబరు సంపాదించి ఫోన్ చేశాను. గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. క్షమించమని అడగడానికి మాటలు కూడబలుక్కుని ఉన్నాను గాని, ఆ అవకాశం ఇవ్వలేదు. ఆరోగ్యం, పిల్లల చదువులు అడిగాడు. పెట్టేసే ముందు, "ఇంతకీ ఆ పరీక్షలు ఇప్పుడైనా చేస్తున్నారా, లేక అలాగే రాసేస్తున్నారా?" అన్నాడు.

"నేనూ అక్కడ మానేసి ఏడేళ్లయింది సార్" అన్నాను.

"మానేసేనాటికి?"

మానేసేనాటికి రోజుకు తొమ్మిది రాసేవాళ్లం. నా సంతకంతో.